తెడ్డు పడవల పందెం – ఒక పరిచయం

కరీంనగరానికి ఆనుకొని ఒక గొప్ప నీటి రాశి ఉన్నది. దిగువ మానేరు ఆనకట్ట అనియు, క్లుప్తంగా ఎల్.ఎం.డి. అనియు మనమందరము పిలుచుకొనే ఆ జలాశయ నిర్మాణం 1974లో ఆరంభమై 1985లో పూర్తి అయినది. దాని నిల్వ సామర్థ్యం సుమారు 24 టి.ఎం.సి.లు. మానేటి వరదతో పాటు శ్రీరామసాగరం నుండి కాకతీయ కాలువ తెచ్చే నీరు అందులో చేరి, దిగువ పొలాలకు సాగునీరుగాను, మన పట్టణానికి తాగునీరుగాను ఉపయోగపడుతున్నది. సాయంకాలం కట్ట మీద నడచి, చల్లగాలి పీల్చి, సూర్యాస్తమయం చూచి రానివారు మన విద్యార్థులలో బహుశా ఉండరు.

అయితే మనది కేవలం ఒడ్డున నిలిచి చూచే పరిచయము. ఈత వచ్చినవారు మనలో కొద్దిమంది. తెడ్డు చేతబట్టినవారు అంతకంటె తక్కువ. నీటి పక్కనే నివసిస్తూ నీటి స్వభావం తెలియకుండుట ప్రమాదకరమైన అజ్ఞానము. మన దేశంలో నీట మునిగి మరణించేవారి సంఖ్య ఏటా 35 వేలకు పైగా ఉన్నట్లు ప్రభుత్వ గణాంకాలు తెలుపుతున్నవి. వేసవి సెలవులలో, పండుగ మరునాడు, స్నేహితులతో కలిసి చెరువుకో వాగుకో వెళ్లి తిరిగి రాని యువకుల వార్తలు పత్రికలలో చదివి మనము నిట్టూర్చి పుట తిప్పుతున్నాము.

ఈ వ్యాసంలో మేము కయాక్, కెనూ అనే తెడ్డు పడవల పందెమును పరిచయం చేయదలచినాము. ఇది ఒలింపిక్ క్రీడ. ప్రపంచంలో అనేక పట్టణాలలో సామాన్య ఉద్యోగులు, విద్యార్థులు క్లబ్బులుగా ఏర్పడి అభ్యసించే క్రీడ. దీని మొదటి పాఠం పందెం కాదు, ఈత. అందుచేతనే మన వంటి పట్టణానికి ఇది వినోదంగా మాత్రమే గాక, విద్యగా కూడా అవసరమని మా అభిప్రాయం.

పేర్లు – పుట్టుక

ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచు సముద్రాలలో ఇన్యూట్ జాతి వారు సీలు జంతువుల వేటకు ఒక చిన్న పడవను వాడేవారు. కొట్టుకొని వచ్చిన కొయ్యలతో, ఎముకలతో చట్రం కట్టి, దానిపై సీలు తోలు బిగించి కుట్టేవారు. వేటగాడు కూర్చొనుటకు మాత్రమే పైన ఒక రంధ్రం ఉండేది. అదియే కయాక్. కెనూ అను మాట కరీబియన్ దీవుల ఆదివాసుల భాష నుండి స్పానిష్ వారి ద్వారా ఐరోపాకు చేరినది. చెట్టు మానును తొలిచి చేసిన పైకప్పు లేని పడవకు అది పేరు.

అట్టి పడవ తెలుగువారికి కొత్తది కాదు. కొల్లేటి ప్రాంతంలో తాటి మానును తొలిచి చేసే దోనె కెనూకు సోదరియే. రెండు దోనెలను జోడించి కట్టినచో దానిని సంగడి అంటారు. సుమారు రెండువేల సంవత్సరాల క్రిందట ఒక గ్రీకు నావికుడు మన తూర్పు తీరపు ఓడరేవులను గూర్చి వ్రాసిన యాత్రా గ్రంథంలో, మానులను జతచేసి కట్టిన పెద్ద పడవలకు ‘సంగర’ అనే పేరు కనబడుతున్నది. ఆ పేరుకు, మన సంగడికి గల పోలిక గమనింపదగినది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలపై రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉన్నది. శాతవాహనుల తొలి నాణేలు దొరికిన కోటిలింగాల మన గోదావరి ఒడ్డుననే ఉన్నదని వేరుగా చెప్పనక్కరలేదు.

భాషాబోధకులమైన మాకు ఆసక్తి కలిగించిన మరొక సంగతి: నీటి ప్రయాణపు మాటలలో తెలుగు, ఉర్దూలు ఏనాడో చేతులు కలిపినవి. లంగరు, సరంగు అను మాటలు పారసీకం నుండి వచ్చి తెలుగులో స్థిరపడినవి. తెడ్డును ఉర్దూలో చప్పూ అంటారు. ఒకే చేతిలోని పనిముట్టుకు రెండు పేర్లు. మన కళాశాల పత్రిక కూడ అట్టిదే కదా!

రోయింగ్ వేరు, ఇది వేరు

చాలామంది పడవ పందెములన్నింటిని ఒకటిగా భావిస్తారు. రోయింగ్ అను క్రీడలో తెడ్డు పడవ అంచున ఒక ఇరుసుకు బిగించి ఉంటుంది. క్రీడాకారుడు గమ్యానికి వీపు పెట్టి కూర్చొని లాగుతాడు. కయాక్, కెనూలలో తెడ్డు దేనికీ బిగించబడదు, చేతులలో స్వేచ్ఛగా ఉంటుంది. క్రీడాకారుడు పోవుచున్న దిక్కుకే ముఖం పెట్టి ఉంటాడు.

కయాక్‌లో కాళ్లు ముందుకు చాపి కూర్చుంటారు. తెడ్డుకు రెండు కొనలందును రెక్కలుంటవి. కుడి ఎడమలు మార్చి మార్చి వేస్తారు. పడవ వెనుక అడుగున చిన్న చుక్కాని ఉంటుంది, దానిని పాదాలతో త్రిప్పుతారు. పందెపు కెనూలో ఒక మోకాలిపై మోకరిల్లి, రెండవ కాలు ముందుకు పెట్టి, ఒకే రెక్క గల తెడ్డును ఒకే పక్కన వేస్తారు. దానికి చుక్కాని ఉండదు. ఒకే పక్కన తోసినచో పడవ రెండవ వైపునకు తిరుగుట సహజము. ప్రతి తోపు చివరను తెడ్డును కొద్దిగా మెలిత్రిప్పి పడవను సరిచేసుకొనుట కెనూ విద్యలో అతి కష్టమైన భాగం.

ఫలితాల పట్టికలలో కనబడే గుర్తులను కూడ తెలిసికొందము. ‘కె’ అనగా కయాక్, ‘సి’ అనగా కెనూ. పక్కనున్న అంకె పడవలోని మనుషుల సంఖ్య. కె-1 అనగా ఒంటరి కయాక్, సి-2 అనగా ఇద్దరి కెనూ, కె-4 అనగా నలుగురి కయాక్.

ఆటగా మారిన విధము

వేటకు, రవాణాకు పుట్టిన ఈ పడవను వినోదంగా మార్చిన ఘనత జాన్ మెక్‌గ్రెగర్ అను స్కాట్లండ్ న్యాయవాదికి చెందుతుంది. ఆయన 1865లో ‘రాబ్ రాయ్’ అను పేరు గల చిన్న పడవలో ఐరోపా నదులలో ఒంటరిగా ప్రయాణించి, ఆ అనుభవాలను మరుసటి సంవత్సరం పుస్తకంగా ప్రకటించినాడు. అదే 1866లో ఆయన పూనికతో ఇంగ్లండులో మొదటి కెనూ క్లబ్బు ఏర్పడినది. 1924లో అంతర్జాతీయ సంస్థ ఒకటి వెలసి, రెండవ ప్రపంచ యుద్ధానంతరం 1946లో అంతర్జాతీయ కెనూ సమాఖ్యగా పునర్నిర్మితమైనది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా ఉండి, 1936 బెర్లిన్‌లో పతకాల క్రీడగా మారినది. మహిళల కయాక్ పందెం 1948 లండన్‌లో చేరినది. మహిళల కెనూకు మాత్రం 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ వరకు వేచియుండవలసి వచ్చినది.

స్వీడన్‌కు చెందిన గెర్ట్ ఫ్రెడ్రిక్‌సన్ 1948–1960 మధ్య ఆరు స్వర్ణాలు గెలిచినాడు. జర్మనీ క్రీడాకారిణి బిర్గిట్ ఫిషర్ 1980లో తొలి స్వర్ణం, 2004లో ఎనిమిదవ స్వర్ణం గెలిచినది. ఈ రెండింటి మధ్య 24 సంవత్సరాల అంతరం ఉన్నది! న్యూజీలండ్‌కు చెందిన లీసా కారింగ్టన్ 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలతో తన మొత్తమును ఎనిమిదికి చేర్చినది. ఈ క్రీడలో వయస్సు కంటె అభ్యాసము బలవత్తరమని వీరి చరిత్రలు చెప్పుచున్నవి.

పడవ, నీరు, శ్రమ

పందెపు కె-1 పడవ పొడవు 5 మీటర్ల 20 సెంటీమీటర్లకు మించరాదు. బరువు 12 కిలోలకు తగ్గరాదు. కె-2కు 6.5 మీటర్లు, 18 కిలోలు. కె-4కు 11 మీటర్లు, 30 కిలోలు. వెడల్పు మాత్రం మనిషి నడుము పట్టునంత. ఇంత పొడవు, ఇంత సన్నము ఎందుకు?

పడవ కదిలినప్పుడు నీరు రెండు విధాలుగా అడ్డుపడుతుంది. ఒకటి, పడవ చర్మాన్ని ఒరుసుకొనే రాపిడి. రెండవది, పడవ తానే పుట్టించే అల. వేగం పెరిగినకొలది ముందు భాగాన లేచే అల పొడవు పెరుగుతుంది. ఆ అల పొడవు పడవ పొడవుతో సమానమైనప్పుడు పడవ రెండు శిఖరాల నడుమ గుంటలో చిక్కినట్లగును. ఇక ఎంత తోసినను తన అలనే తాను ఎక్కవలసి వస్తుంది. పడవ పొడవైనదైతే ఆ స్థితి ఆలస్యంగా వస్తుంది, సన్నమైనదైతే అల చిన్నదగును. అందుకే పందెపు పడవ సూదివలె ఉంటుంది. వెడల్పు తగ్గినప్పుడు నిలకడ కూడ తగ్గుతుంది. కొత్తవాడు కె-1లో కూర్చొన్న క్షణంలోనే నీటిలో పడుట సర్వసాధారణము. సైకిలు నేర్చునప్పటి వలె, పడవ ముందుకు సాగుచున్నప్పుడే అది నిలకడగా ఉండునని కొన్ని వారాలకు గాని అర్థం కాదు.

మరొక సూత్రము పరుగు పందెములకంటె ఇచ్చట ముఖ్యము. నీటి నిరోధం సుమారుగా వేగపు వర్గముతో పెరుగుతుంది. కనుక వెచ్చించవలసిన శక్తి వేగపు ఘనముతో పెరుగుతుంది. వేగమును రెట్టింపు చేయవలెనన్నచో శ్రమ రెండింతలు కాదు, సుమారు ఎనిమిదింతలు కావలెను. ఆరంభంలో ఆవేశపడి పావు వంతు వేగం ఎక్కువగా పోయినవాడు దాదాపు రెండింతల శక్తిని వ్యయం చేసి, చివరి రెండు వందల మీటర్లలో చేతులు బరువెక్కి వెనుకబడిపోతాడు. సమవేగమును నిలుపుకొన్నవాడే గెలుచును. పరీక్షకు పది రోజుల ముందు రాత్రింబవళ్లు చదివే విద్యార్థులు ఈ సూత్రమును ప్రత్యేకముగా మననము చేయగలరు.

తెడ్డు వేయు పద్ధతి

ఇది చేతుల బలముతో ఆడే ఆట అని చూచినవారు అనుకొంటారు. అది పొరపాటు. తెడ్డు తోపునకు నాలుగు దశలున్నవి.

మొదటిది పట్టు. నడుమును త్రిప్పి, ముందు చేయిని చాపి, పాదాల దగ్గర తెడ్డు రెక్కను చప్పుడు కాకుండా పూర్తిగా ముంచవలెను. రెక్క సగమే మునిగినచో నీటితో పాటు గాలిని కూడ లాగినట్లగును. రెండవది తోపు. ఇందులో పని చేయవలసినవి కాళ్లు, నడుము, వీపు. కుడి వైపు తోయునప్పుడు కుడి పాదంతో పడవలోని పాదపీటను నెట్టుచు మొండెమును కుడికి త్రిప్పవలెను. చేతులు కొక్కెములవలె పట్టుకొని ఉండుటకే. మూడవది విడుపు. రెక్క తుంటి దగ్గరకు రాగానే పక్కకు తీయవలెను, ఇంకను వెనుకకు లాగినచో పడవ తోక నీటిలో దిగుతుంది. నాలుగవది విశ్రాంతి. రెండవ వైపు పట్టునకు ముందు గల అర క్షణమే దేహానికి లభించే విరామము.

శిక్షకులు చెప్పే సూక్ష్మమొకటి కలదు: తెడ్డును నీటిలో లాగుచున్నామని భావింపరాదు. తెడ్డు నీటిలో గుంజ పాతినట్లు నిలిచి ఉన్నదని, మనమును మన పడవయు దానిని దాటి పోవుచున్నామని భావింపవలెను. 1980ల దశకంలో స్వీడన్‌లో రూపొందిన రెక్క ఆకారపు తెడ్డు ఈ సూక్ష్మమును మరింత సఫలం చేసినది. విమానపు రెక్కవలె వంపు గల ఆ తెడ్డు నీటిలో కొద్దిగా పక్కకు జారుచు, వెనుకకు జారకుండ నిలుస్తుంది. నేడు పందెపు కయాక్‌లలో ఎక్కువగా దానినే వాడుచున్నారు.

పందెముల రకాలు – నియమాలు

నిశ్చల జలాలపై జరిగే పందెమును స్ప్రింట్ అంటారు. దూరాలు 200, 500, 1000 మీటర్లు. సాధారణంగా తొమ్మిది వరుసలు, ఒక్కొక్కటి తొమ్మిది మీటర్ల వెడల్పు, తేలెడు గుర్తులతో వేరుచేయబడి ఉంటవి. ‘రెడీ, సెట్, గో’ అను పిలుపుతో పందెం మొదలగును. పురుషుల కె-1 వెయ్యి మీటర్లను అగ్రశ్రేణి వారు మూడున్నర నిమిషాల లోపుగా పూర్తి చేస్తున్నారు. అనగా గంటకు 17 కిలోమీటర్లకు మించిన వేగం. ఎవరి వరుసలో వారు పోవలెను. పక్క పడవ అలను ఆసరాగా తీసికొనుట ఈ దూరాలలో నిషిద్ధము.

కొండ వాగుల వేగంలో వేలాడదీసిన ద్వారాల గుండా పడవను నడిపే పందెం స్లాలమ్. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో తొలిసారి, 1992 నుండి క్రమంగా జరుగుతున్నది. ఇది ప్రత్యేక విద్య కనుక ఇచ్చట విస్తరించము.

క్లబ్బు వారికి ప్రీతిపాత్రమైనది మారథాన్ పందెం. ఇందులో దూరం ఎక్కువ. ప్రపంచ పోటీలలో ఒంటరి పురుషుల పందెం దాదాపు 30 కిలోమీటర్లు. మధ్యలో ఒడ్డుకు చేరి, పడవను భుజాన వేసికొని పరుగెత్తి, మరల నీటిలో దిగవలసిన మజిలీలు కొన్ని ఉంటవి. ఇచ్చట ముందు పోవు పడవ పుట్టించిన అలపై తన పడవను నిలిపి శ్రమ తగ్గించుకొనుట న్యాయమే. అందువలన బలముతో పాటు బుద్ధియు కావలెను. ఎవరి వెంట నిలువవలెను, ఎప్పుడు దాటవలెను, మజిలీలో ముందుగా దిగవలెనా అను చదరంగపు ఎత్తులు పందెం పొడవునా సాగుతుంటవి.

క్లబ్బు అనగా ఏమి?

క్లబ్బు అనగానే మనకు ధనికుల భవనము స్మరణకు వస్తుంది. తెడ్డు పడవల క్లబ్బు అట్టిది కాదు. ఇంగ్లండులోని క్లబ్బుల మారథాన్ పోటీలలో క్రీడాకారులను ఒకటి నుండి తొమ్మిది వరకు శ్రేణులుగా విభజించినారు. కొత్తవారు తొమ్మిదవ శ్రేణిలో చేరి సుమారు నాలుగు మైళ్లు, నడిమి శ్రేణుల వారు ఎనిమిది మైళ్లు, పై మూడు శ్రేణుల వారు పన్నెండు మైళ్లు పోటీపడతారు. కాలం మెరుగైనకొలది పై శ్రేణికి పోతారు. కింది శ్రేణిలో గెలిచిన గుమాస్తా గాని, బడి పిల్ల గాని, నడివయస్కుడైన ఉపాధ్యాయుడు గాని తన క్లబ్బుకు మార్కులు తెచ్చును. ఎవరి పోటీ వారి స్థాయి వారితోనే, కాని ఫలితం అందరిది. డెవైజెస్ అను ఊరి నుండి లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ వరకు 125 మైళ్ల పందెం 1948లో ఆరంభమై నేటికిని జరుగుచున్నది. అందులో పడవను మోసికొని పోవలసిన చోట్లు 77. పాల్గొనువారిలో అధికులు ఉద్యోగాలు చేసికొనుచు తీరిక వేళ అభ్యసించు సామాన్యులే.

మరొక ఉదాహరణము హంగరీ. ఆ దేశమునకు సముద్రము లేదు. అయినను తెడ్డు పడవల పందెంలో ప్రపంచంలోని అగ్ర దేశాలలో అది ఒకటి. డాన్యూబ్, టిసా నదుల ఒడ్డున గల పట్టణాల క్లబ్బులే ఆ బలము. టిసా ఒడ్డునున్న సెగెడ్ అను పట్టణం 1998, 2006, 2011, 2019 సంవత్సరాలలో ప్రపంచ పోటీలకు వేదిక అయినది. సముద్రము మనకు దూరమను సాకు ఈ క్రీడకు వర్తించదని దీనివలన స్పష్టము.

మన దేశంలో

భారతీయ కయాకింగ్, కెనోయింగ్ సంఘం 1985లో ఏర్పడినది. 1990 బీజింగ్ ఆసియా క్రీడలలో ఈ పందెములు తొలిసారి చేరినవి. 1994 హిరోషిమాలో సీజీ సదానందన్, జానీ రోమెల్ జంట సి-2 వెయ్యి మీటర్లలో కాంస్యం గెలిచినది. తరువాతి పతకానికి 29 సంవత్సరాలు పట్టినది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన క్రీడలలో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ సలాం జంట అదే పందెంలో కాంస్యం తెచ్చినది.

ప్రాచీ యాదవ్ చరిత్ర విద్యార్థులు తెలియదగినది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఆమెకు కాళ్లలో శక్తి లేదు. మొదట ఈత పోటీలలో పాల్గొని, అటు పిమ్మట తెడ్డు పట్టి, భోపాల్ తాలాబులో అభ్యసించినది. 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్‌లో ఈ క్రీడలో భారతదేశం తరఫున పాల్గొన్న తొలి వ్యక్తిగా తుది పందెమునకు చేరినది. 2023 హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడలలో ఒక స్వర్ణం, ఒక రజతం గెలిచినది. తాలాబులకును ఉర్దూ సంస్కృతికిని పేరెన్నిక గన్న భోపాల్, నేడు జలక్రీడలకు కేంద్రమగుట ఊరికే జరిగినది కాదు. అచ్చటి వారు తమ నీటిని దృశ్యముగా గాక మైదానముగా చూచినారు.

మన రాష్ట్రంలో వికారాబాద్ సమీపాన గల కోటిపల్లి జలాశయంలో కయాక్‌లు నడుచుచున్నవి. సెలవు రోజులలో హైదరాబాదు వారు అచ్చటికి వచ్చి రక్షణ కవచము తొడిగికొని తెడ్డు వేయుచున్నారు. అది వినోదమే, పందెము కాదు. అయినను సాగునీటి చెరువుపై, క్రమశిక్షణతో, యంత్రం లేని పడవలు నడుపవచ్చునని అది రుజువు చేసినది.

రెండు సందేహాలు

మొదటిది ఆడపిల్లల విషయం. నీటి ఆట అనగానే దుస్తులను గూర్చి తల్లిదండ్రులకు సంకోచం కలుగుట సహజము. కయాక్‌లో నడుము నుండి పాదాల వరకు పడవ లోపలనే ఉంటుంది. పైభాగమున పూర్తి చేతుల చొక్కా, దానిపై రక్షణ కవచము ధరింపవచ్చును. ఇరాన్ దేశపు మహిళలు శిరోవస్త్రముతోనే ఆసియా క్రీడల పందెములలో పాల్గొని పతకాలు గెలుచుకొన్నారు. ఈతకు వేరు సమయము, స్త్రీ శిక్షకురాలు ఏర్పాటు చేయుట కళాశాల బాధ్యత. సంకోచమును కారణముగా చూపి బాలికలను నీటికి దూరముంచినచో, ప్రమాద సమయమున నీరు ఆ సంకోచమును లెక్కచేయదు. పిల్లలకు ఈత, విలువిద్య, గుర్రపు స్వారీ నేర్పవలెనను మాట హజ్రత్ ఉమర్ గారి పేర ముస్లిముల ఇండ్లలో తరతరాలుగా వినబడుచున్నదే. అందులో ఈతకు స్థానముండుట గమనింపుడు.

రెండవది ఖర్చు. విదేశపు పందెపు పడవల వెల మన వంటి కళాశాల భరింపలేనిది నిజమే. కాని ఆరంభమునకు అవి అవసరము లేదు, తగవు కూడ. కొత్తవారికి కావలసినది వెడల్పయిన, నిలకడ గల ఫైబర్ పడవ. అట్టివి నాలుగు ఉన్నచో ఇరవై మంది వంతులవారీగా నేర్చుకొనగలరు. పడవల కంటె ముందు కొనవలసినవి రక్షణ కవచములు.

మన పట్టణమునకు ఒక సూచన

కళాశాల పాలక సంఘము వారి పరిశీలనార్థము మేము కొన్ని నియమములను సూచించుచున్నాము. ఇవి మేము కల్పించినవి కావు. అన్ని దేశాల క్లబ్బులలోను ఇట్టివే పాటింపబడుచున్నవి.

ఒకటి: మామూలు దుస్తులతో 50 మీటర్లు ఈదగలిగినవారికే పడవ ఎక్కుటకు అనుమతి. కనుక మొదటి సంవత్సరం మన పని ఈత నేర్పుటయే.

రెండు: రక్షణ కవచము లేనిదే ఎవరును నీటిపైకి పోరాదు. ఈత బాగుగా వచ్చునను మాట దీనికి సమాధానము కాదు.

మూడు: ఒంటరిగా పోరాదు. బయలుదేరిన వేళ, తిరిగి వచ్చిన వేళ, పేర్లు ఒడ్డున ఉన్న పుస్తకంలో వ్రాయవలెను.

నాలుగు: పడవ బోల్తా పడినచో దానిని వదలి ఒడ్డుకు ఈదరాదు. పడవ తేలును. దానిని పట్టుకొన్నవాడు కూడ తేలును. బోల్తా పడి బయటపడుటను మొదటి రోజుననే లోతు లేని చోట అభ్యసింపవలెను.

ఐదు: వరద కాలమున, గేట్లు ఎత్తిన రోజులలో నీటి దగ్గరకు పోరాదు. ఆనకట్ట గేట్లకు, కాలువ తూములకు సమీపమున ఏ కాలమందును పడవ నడుపరాదు. నిశ్చలంగా కనిపించే నీరు అచ్చట అడుగున లాగుచుండును.

ఆరు: మన ప్రాంతపు ఎండలను దృష్టిలో నుంచుకొని అభ్యాసము తెల్లవారిన పిమ్మట ఎనిమిది గంటల లోపుగా ముగింపవలెను. గాలి లేచినచో వెంటనే ఒడ్డు చేరవలెను. రంజాన్ ఉపవాసములలో ఉన్నవారికి కఠినమైన అభ్యాసము పెట్టరాదు.

నీటిపారుదల శాఖ అనుమతి తప్పక పొందవలెను. తాగునీటి జలాశయము కనుక చెత్త వేయరాదు. తెడ్డు పడవకు ఇంజను లేదు, నూనె లేదు, కనుక నీటిని మలినపరచదు. అన్నింటికంటె ముఖ్యము, ఆ నీటిపై బ్రతికే మత్స్యకారుల మాట వినవలెను. వలలు పన్నిన చోట్ల తిరుగరాదు. ఏ మూలన గాలి ముందు లేచునో, ఏ చోట బురద కాలిని పట్టునో, నీటి మట్టం తగ్గినప్పుడు ఏ మోడు పైకి తేలునో గంగపుత్రులకు తెలిసినంతగా ఏ శిక్షకునికిని తెలియదు. వారిలో ఒకరిని గౌరవ వేతనముపై మన క్లబ్బుకు గురువుగా నియమించుకొనుట ఉభయులకును మేలు.

పందెము ఎప్పుడు? ఈత వచ్చిన తరువాత, మూడు నెలలు నిదానముగా తెడ్డు వేయుట నేర్చిన తరువాత. వారానికి మూడు దినములు నీటిపై, రెండు దినములు నేలపై పరుగు, వ్యాయామము చాలును. మొదట విరామం లేకుండ అర గంట సాగుట, పిమ్మట 500 మీటర్ల చొప్పున ఆరు పరుగులు, నడుమ మూడు నిమిషాల విశ్రాంతి. ప్రతివాని కాలమును పుస్తకమున వ్రాసి, గత వారపు కాలముతో పోల్చవలెను. ఇతరులతో పోటీ తరువాతి మాట.

ఇచ్చటి నీరు తేరగా వచ్చినది కాదు. ఆనకట్ట కొరకు ఊళ్లు విడిచి, పొలాలు విడిచి పోయిన కుటుంబాల త్యాగము అందులో ఉన్నది. అంత విలువ గల నీటిని చూచి భయపడుటయో, తెలియక దిగి ప్రాణము పోగొట్టుకొనుటయో మన యువతకు తగిన పని కాదు. మన కళాశాల నుండి ఒలింపిక్ వీరుడు రావచ్చును, రాకపోవచ్చును. కాని ఏటా నలభై మంది విద్యార్థులు ఈత నేర్చి, తెడ్డు పట్టి, తోటివాడు నీట పడినచో ఏమి చేయవలెనో తెలిసి బయటకు పోయినచో, ఆ విజయమునకు పతకము అక్కరలేదు. పాలక సంఘము వారు, విద్యార్థి మిత్రులు ఈ విషయమును ఆలోచించి, వచ్చే శీతకాలమునకైనను ఈత తరగతులతో శ్రీకారము చుట్టుదురని ఆశించుచున్నాము.